తాండూరు బండిలో దేవుడి పంచాయితీ

సారు పోయారని వికారాబాద్ స్టేషన్‌లో ఉండగా ఫోన్ వచ్చింది. తాండూరు బండి అప్పుడే ప్లాట్‌ఫాం మీదికి వస్తోంది. నేను ఎక్కలేదు. బెంచీ మీద కూర్చుని ఏడ్చాను.

ఆయన తాండూరు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెప్పేవారు, నేను అక్కడే బడిలో టీచర్ని. రోజూ ఒకే పెట్టెలో పోయి వచ్చేవాళ్ళం. ఆ పెట్టెలో సారు పెట్టిన కట్టుబాటు ఒకటుండేది. పోయేటప్పుడు ఆయన దేవుడున్నాడని వాదిస్తారు, మేము కాదనాలి. వచ్చేటప్పుడు ఆయనే లేడంటారు, మేము ఉన్నాడని నిలబెట్టాలి. అబ్బ, ఎంత గోలో! చాయ్ అమ్మేవాడు కూడా కెటిల్ కింద పెట్టి ఓ మాట అనిపోయేవాడు. రిటైరయ్యాక కూడా సారు పాసు తీసుకుని మరీ ఎక్కారు, వాదన సగంలో ఆగిందని!

తాండూరు దగ్గర పడితే పట్టాల పక్కన నాపరాళ్ళు కనిపిస్తాయి. "గా బండలు చూడు, ఒక్కతీరుగ కోసి పేర్చినయి. ఎవరో కోసిన్రని ఒప్పుకుంటవు గద! మరి గింత పెద్ద లోకం ఎవరూ చెయ్యకుండనే అయ్యిందా?" అనేవారు సారు.

మా గుంపులో ఒక బ్యాంకు ఉద్యోగి ఉన్నాడు, నేను తమ్ముడూ అంటాను. "మరి గా చేసినాయన్ని ఎవరు చేసిన్రు సార్?" అని అతను అడగ్గానే పెట్టెంతా నవ్వు. ఎక్కువ నవ్వింది సారే.

సాయంత్రానికి అదే మనిషి ఎదురు తిరిగేవారు. "దేవుడు మంచోడు, అన్నీ చేతనైనోడు అంటవు. పసిపిల్ల జ్వరమొచ్చి ఎందుకు పోతది?"

నేను చర్చికి పోయే ఇంట్లో పుట్టినదాన్ని, ఊరుకుంటానా? "మనిషికి తన ఇష్టప్రకారం నడిచే స్వేచ్ఛ ఇచ్చిండు సార్!"

"జ్వరానికి గూడ ఇచ్చిండా?"

జవాబు ఇంకా వెతుకుతూనే ఉన్నాను, ఉత్సాహంగానే! తొందరపడి ఎదురు చెప్పబోతే ఆపేవారు. "ముందు నా మాట నాకన్న మంచిగ చెప్పు. గప్పుడు కొట్టు." నా నమ్మకం గట్టిదో బోలుదో తట్టి చూపించింది ఆయనే. మరి మీ సొంత అభిప్రాయమేంటి సార్ అంటే మాత్రం, "ఊరొచ్చింది, దిగుండ్రి" అనేవారు.

మూడో నాడు వాళ్ళింటికి వెళ్ళాం. సారు భార్యను మేమంతా అమ్మా అంటాం. ఆమె నా చెయ్యి పట్టుకుంది. "బిడ్డా, మీ సారు రోజూ మీతోనే మాట్లాడుతుండె. దేవుడున్నడన్నడా, లేడన్నడా? దినాలు చెయ్యాల్నో వద్దో నాకేం చెప్పలే. ఆయనకు నచ్చనిది చేస్తనేమోనని మస్తు పరేషాన్ అయితున్న."

"ఉన్నాడనే అనేవారమ్మా" అన్నాను.

"ఏడ అక్కా! లేడన్నప్పుడే గట్టిగ చెప్పేటోరు" అన్నాడు తమ్ముడు.

ఇంకేముంది! బండలు, జ్వరం, స్వేచ్ఛ, అన్నీ బయటికొచ్చాయి. ఇద్దరి గొంతులూ లేచాయి. చావు జరిగిన ఇల్లని గుర్తొచ్చి సిగ్గుతో టక్కున ఆగిపోయాం.

అమ్మ ముఖం మాత్రం తేటపడింది. "ఆపకుండ్రి. ఆయనకు నచ్చేది గీ పంచాయితీనే. నేనైతే దీపం పెడ్త, దినాలు చేస్త. ఇన్నేండ్లు నేను దీపం పెడ్తుంటే ఆయన పక్కన నిలబడి ఎదురు మాట్లాడుతుండె. ఇప్పుడు ఇల్లు చప్పుడు లేకుండ ఉన్నది. గా ఎదురు మాటలు మీరు మాట్లాడుండ్రి."

సారు ఫొటో ముందు వత్తి వెలిగించి, గాలికి ఆరిపోకుండా అరచెయ్యి అడ్డం పెట్టింది. చెయ్యి తియ్యకుండానే తమ్ముడి వైపు తిరిగింది.

"ఊఁ, చెప్పు కొడుకా. దేవుడు ఎందుకు లేడు?"