వదిన ఓడిపోయిన రోజు

పక్షవాతం వచ్చాక నా కుడిచేతి వేళ్లు చీర కుచ్చిళ్లు కూడా పట్టుకోలేకపోయేవి. అవి నెమ్మదిగా చక్కబడతాయని తెనాలిలో డాక్టరుగారు చెప్పారు. నా భయం వేళ్ల గురించి కాదు. బాపట్లలో పదో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. ఆ లెక్కలు తలలో ఉన్నాయో పోయాయో తెలియడం లేదు. ఎవరినీ అడగలేదు.

వేళ్లకు వ్యాయామం చేయించే అమ్మాయి ఒక ఆట కొనుక్కోమంది. పదహారు గుంటల చెక్కపలక, తెల్లవి పదిహేను, గోధుమరంగువి పదిహేను చెక్కబంతులు. ఇద్దరూ వంతులవారీగా ఒక్కో బంతి పెట్టుకుంటూ పోవాలి. నాలుగు చదరంగా కుదిరితే వాటిమీద ఇంకొకటి పెట్టవచ్చు. చేతిలోది వాడకుండా, మీద ఏమీ లేని మన కిందిబంతినే పైకెక్కిస్తే చేతిలో ఒకటి మిగులుతుంది. అలా పేర్చుకుంటూ వెళ్లి, కొసన ఆఖరి బంతి పెట్టినవాళ్లదే గెలుపు.

మావారితో రోజూ ఆడాను. వరసగా గెలిచాను. గెలిచినకొద్దీ దిగులు పెరిగింది. నన్ను సంతోషపెట్టడానికే ఓడుతున్నారేమోనని అడిగితే లేదన్నారు. ఆ లేదనడం కూడా మరీ మెత్తగా ఉంది.

అందుకే రేపల్లె వెళ్దామన్నాను. అక్కడుండే మా వదిన, ఆయన అక్క, హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరైంది. మనవలతో ఆడినా కావాలని ఓడిపోయే మనిషి కాదు. పలక సంచిలో పెట్టుకుని, తెనాలిలో రైలు మారి వెళ్లాం.

మొదటి ఆట వదినే గెలిచింది. రెండో ఆట సగంలో, ఒక మూల నా తెల్లబంతి మీద ఏమీ లేదని చూశాను. దాన్ని పైకెక్కిస్తే ఆమె చేయి నాకంటే ముందే ఖాళీ అవుతుంది. ఆ వరసంతా నాకు బోర్డు మీద లెక్కలా కనిపించింది. ఎక్కించాను. చివరికి కొసన బంతి నేనే పెట్టాను.

వదిన కళ్లజోడు తీసి తుడుచుకుంది. "అలా కిందది తియ్యొచ్చని ముందే చెప్పావా ఏంటి?"

"రెండుసార్లు చెప్పానండి, వదినగారూ."

"అయితే లేవకు. ఇంకోటి ఆడదాం."

అన్నం చల్లారిపోతోందని మావారు పిలిస్తే కసిరింది. ఆమె ముఖం నిజంగా ఎర్రబడింది. ఆ కోపం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

మూడోదీ నేనే గెలిచాను. వదిన నా వంక చూడకుండానే చేపల పులుసు వడ్డించింది. ఎన్నో నెలల తర్వాత కడుపునిండా తిన్నాను. సాయంత్రం తెనాలి స్టేషన్లో బాపట్ల బండి కోసం కూర్చుని, మా హెడ్‌మాస్టరుగారికి ఫోన్ చేసి, సోమవారం నుంచి క్లాసుకు వస్తున్నానని చెప్పాను.