కొండరాజ్యంలో దాళ్వా

నా మాటల్లో సగం తీసేసి వినమని మా ఆవిడ కొత్తవాళ్ళకి ముందే చెప్పేస్తుంది. వరదప్పుడు ఒక గేదె మా వీధి గుమ్మం దాకా ఈదుకుంటూ వచ్చి, రెండు శేర్ల పాలిచ్చి, వచ్చిన దారినే వెళ్ళిపోయిందని చెప్పిన దగ్గర్నుంచీ మిగిలిన సగం మీద కూడా ఆవిడకి నమ్మకం పోయింది.

అలాంటివాణ్ణి కనకే నాకు ఆ ఆట పట్టుబడింది. రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. బల్ల చుట్టూ కూర్చుంటాం. లేని లోకాన్నొకదాన్ని నేను కల్పించి చెబుతాను. మిగతావాళ్ళు అందులో తలో పాత్రా పట్టుకుని, కత్తి దూస్తామనో, పారిపోతామనో అంటారు. నెగ్గారో లేదో పాచికలు తేలుస్తాయి. రాజమండ్రిలో మా డాబా మీద ఆదివారం ఆదివారం ముగ్గురు ఆడేవారు: మందుల షాపాయన, పక్కవీధిలో లెక్కలు చెప్పే టీచరమ్మగారు, రామచంద్రపురం నుంచి బస్సెక్కి వచ్చే మా బావగారు.

బావగారంటే మా అక్క మొగుడు. కాలువల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. పోయిన కార్తీకంలో అక్క పోయాక ఆయన గుమ్మం దాటింది ఈ ఆట కోసమే. పెళ్ళిళ్ళకి రారు, గుడికి వెళ్ళరు. ఆదివారం మాత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని మా వీధి మొదట్లో ఆటో దిగేవారు. వారం మొత్తం మీద ఆయన మాట్లాడే నాలుగు మాటలూ ఆ బల్ల దగ్గరే మాట్లాడేవారు. అందుకే ఆట ఆగకూడదని నా ప్రాణం కొట్టుకునేది.

ఆపింది నా నోరే. ఒక ఆదివారం కథలో నది పొంగింది, రాజధాని మునిగింది.

"లక్షమంది కొట్టుకుపోయారండీ!" అన్నాను, చేతులూపుతూ.

బావగారు పాచికలు కింద పెట్టారు. "అసలు ఊళ్ళో ఎంతమందిరా?"

"రెండు లక్షలండి."

"కిందటి వారం నలభై వేలన్నావు."

"కథ కదండీ బావగారూ, కొంచెం పెరిగారు."

"వారంలో లక్షా అరవై వేలమంది పుట్టారా? మంత్రసానులకి చేతులు పడిపోయుంటాయండీ," అన్నారు టీచరుగారు. మందుల షాపాయన పగలబడి నవ్వాడు. బావగారు నవ్వలేదు.

"పోయినవాళ్ళనైనా ఒక లెక్కలో ఉంచరా," అని, చెప్పులేసుకుని మెట్లు దిగి వెళ్ళిపోయారు.

తరవాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. ఫోన్ చేస్తే ఎత్తరు. ఆయనకి భోజనం పంపే ఎదురింటి మామ్మగారికి చేశాను. "పొద్దున్న గేటుకి తగిలించిన క్యారేజీ సాయంత్రం దాకా అలాగే వేలాడుతోంది నాయనా. లోపల లైటు కూడా వెయ్యట్లేదు," అందావిడ.

"వెళ్ళి కాళ్ళు పట్టుకోండి," అంది మా ఆవిడ.

"పట్టుకుంటే లేచే మనిషా? ఆయన అడిగింది లెక్క. లెక్కే పట్టుకెళ్ళాలి."

ఆటలోని లోకానికి నేను గీసుకున్న పటం ముందేసుకుని కూర్చున్నాను. ఏ రాజ్యంలో ఎన్ని ఎకరాలు, ఎకరానికి ఎన్ని బస్తాలు, ఆ బస్తాలు ఎన్ని నోళ్ళకి సరిపోతాయి, దున్నేవాళ్ళు పోగా పట్నాల్లో కూర్చుని తినేవాళ్ళు ఎందరు. పుట్టిన తరవాత మొదటిసారి ఒక్క అబద్ధం కూడా కలపకుండా రాశాను. ఒక్కో నగరం పక్కనా అంకె వేస్తుంటే, ఇందులో ఏది తప్పినా ఆయన ఇక లేవరన్నట్టే ఉంది నాకు. టీచరుగారు హెచ్చవేతలన్నీ సరిచూసి, "అక్షరం తప్పు లేదండి," అన్నారు. మర్నాడు పొద్దున్నే రామచంద్రపురం బస్సెక్కాను.

బావగారు గడ్డం పెంచారు. తలుపు తీసి, వెళ్ళి మంచం మీద కూర్చున్నారు. పటం ఆయన పక్కనే పరిచాను. ఎంతసేపో చూశారు. చివరికి పెన్సిల్ అందుకున్నారు.

"ఈ పైనున్నదేంటి?"

"కొండరాజ్యమండి. ఆరు లక్షల జనం. గింజ గింజా లెక్కేశాను."

"సార్వా ఎంత?"

"ఎకరానికి ముప్ఫై బస్తాలండి."

"దాళ్వా?"

"అదో ముప్ఫై."

"దాళ్వాకి నీళ్ళెవడిచ్చాడ్రా?"

బుద్ధెరిగినప్పట్నుంచీ వానల మీద సార్వా పండడం, అది కోసుకున్నాక కాలువ నీళ్ళొదిలితే దాళ్వా నాట్లు పడడం చూస్తూ పెరిగినవాణ్ణి. భూమన్నది ఏడాదికి రెండుసార్లు పండుతుందనే అనుకున్నాను. ఆనకట్ట లేదు, కాలువ లేదు, మంచు కురిసే కొండల మీద ధైర్యంగా రెండో పంట పండించేశాను. టీచరుగారిదీ మా వైపే కదా, ఆవిడకీ అనుమానం రాలేదు.

"ఊళ్ళు ఇంత దగ్గరేంటి? ఈ గట్టు మీద తుమ్మితే ఆ ఊరివాడు చిరంజీవ అనేలా ఉన్నాడు. కోనసీమని ఎత్తుకెళ్ళి మన్యంలో పడేశావు కదరా!"

తిట్టారు. నాకు ప్రాణం లేచొచ్చింది. మధ్యాహ్నం దాకా ఊళ్ళు కొట్టేస్తూనే ఉన్నారు. ఆరు లక్షలూ లక్షకి దిగాయి. కొండల కింద సముద్రపొడ్డున ఉన్న ఒక్క రేవుపట్నం దగ్గర మాత్రం ఆగి, "వీళ్ళని ఉంచు. ఉప్పమ్ముకుని బియ్యం కొనుక్కుంటారు," అన్నారు. ఆ మాటంటున్నప్పుడు ఆయన గొంతు పాత గొంతులా ఉంది.

తరవాత పటం మడిచి నా చేతికిచ్చేశారు.

"సరిపోయింది. ఇక మీరు ముగ్గురూ ఆడుకోండి."

"మరి మీరో?"

"నాకెందుకురా? లెక్క తేలిపోయిందిగా."

గోడ వైపు తిరిగి పడుకున్నారు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే కొబ్బరితోటలన్నీ కళ్ళలో నీళ్ళకి అలుక్కుపోయాయి. ఇంత నిజం చెప్పీ ఆయన్ని మంచం మీదే వదిలేసి వచ్చాను.

ఆదివారం ఆయన కుర్చీ ఖాళీ. ఎవరమూ పాచికలు ముట్టుకోలేదు.

"తప్పు లేని లోకం చేతికొచ్చింది. ఏం చేసుకుంటామండీ దీన్ని?" అన్నారు టీచరుగారు.

ఆ మాట పట్టుకునే నాకో ఆలోచన వచ్చింది. పెన్ను తీసి, సముద్రం నడిమధ్యన ఒక ఉత్త బండరాయి గీశాను. దాని మీద మూడు లక్షలమందిని కూర్చోబెట్టాను. బావి లేదు, రేవు లేదు, చెట్టన్నది లేదు. తొమ్మిది వేల గుర్రాలున్నాయని రాశాను. ఊరందరూ రెండు పూటలా వేణ్ణీళ్ళ స్నానం చేస్తారని కూడా రాశాను. ఫొటో తీసి బావగారికి వాట్సాప్‌లో పెట్టాను.

టిక్కులు నీలమయ్యాయి. జవాబు లేదు. సాయంత్రమయింది, తెల్లారింది. ఫోన్ చేతిలో పట్టుకునే పళ్ళు తోముకుంటున్నాను. మోగింది.

"బుద్ధుందా నీకు? ఆ బండ మీద మూడు లక్షలమందా? తాగేదేంటి? గుర్రాలకి గడ్డేది?"

"వాన నీళ్ళండి."

"వాన నీళ్ళు! నీ రాజుగారు రాతిలో ఎన్ని చెరువులు తవ్వించాడేంటి?"

"అదే తేలట్లేదండి బావగారూ. మీరు చూడకపోతే మూడు లక్షలమందీ దాహంతో పోయేలా ఉన్నారు."

అటువైపు ఫ్యాను కిచకిచమనడం ఒక్కటే వినిపిస్తోంది. అనకూడని మాట మళ్ళీ అన్నానని నాలిక కరుచుకున్నాను.

"అందాకా ఎవర్నీ చంపకు," అన్నారు మెల్లగా. తరవాత, "ఆ పటం పెద్దది కొట్టించి ఉంచు. ఫోన్లో అంకెలు కనపడి చావట్లేదు," అని పెట్టేశారు.

వస్తానని ఆయన అనలేదు. నేనూ అడగలేదు. మెడలో తువ్వాలుతోనే ఫ్లెక్సీల షాపుకి పరిగెత్తాను. షాపతను అప్పుడే షట్టర్ లేపుతున్నాడు.

"ఏంటండీ ఇంత పొద్దున్నే? పుట్టినరోజా, పెద్దకర్మా?"

"రెండూ కాదండి," అన్నాను. "జనాభా."