ఫ్రాంక్లీ స్పీకింగ్ దివాకర్ సార్

షాద్‌నగర్ బస్టాండు వెనక స్పోకెన్ ఇంగ్లీషు నేర్పే దివాకర్ సార్, ఉన్నది ఉన్నట్టు చెప్పడానికే ఎనిమిది ఇంగ్లీషు మాటలు ఎరిగిన మనిషి. ఫ్రాంక్, క్యాండిడ్, స్ట్రెయిట్‌ఫార్వర్డ్ అంటూ బోర్డు నింపి, ఇస్త్రీ ప్యాంటుకు సుద్ద అంటకుండా రెండు వేళ్లూ దూరంగా విదిలిస్తాడు. "ఫ్రాంక్లీ స్పీకింగ్" అనకుండా నోరు తెరవడు. ఆ తర్వాత ఏం చెప్పాడో ఎవరికీ గుర్తుండదు.

ఒక సాయంత్రం క్లాసులో శైలజ లేచి ఇంగ్లీషులో తనను పరిచయం చేసుకుంది, నాలుగుచోట్ల ఆగి, రెండుసార్లు పైకప్పు చూసి. "సార్, రేపే ఇంటర్వ్యూ. సెలవియ్యరు, ఉన్న కొలువు ఇడిసిపెట్టి పోవాలె. నాకు ఇంగ్లీషు వచ్చిందా, రాలేదా?" అని అడిగింది. సార్ మెడలోని ఐడీ కార్డును అటూ ఇటూ తిప్పాడు. "ఫ్రాంక్లీ స్పీకింగ్, నీలో పొటెన్షియల్ ఉందమ్మా. అంతా కాన్ఫిడెన్స్ మీద డిపెండ్ అవుతుంది."

బిడ్డను తీసుకుపోవడానికి వచ్చి, భుజాన గొంగడితో గుమ్మంలో నిలబడ్డ బీరప్ప కల్పించుకున్నాడు. "ఇంక రాలే బిడ్డా. నాకు ఇంగ్లీషు తెల్వది గానీ, మందల కుంటే గొర్రె ఏదో ఎరుకైతది. కొలువు ఇడువకు, ఇంకో రెండు నెలలు నేర్సుకో."

"నేను గొర్రెనా బాపూ!" అని శైలజ నవ్వేసి కూర్చుంది.

సార్ నొచ్చుకుని, బోర్డు మీద తొమ్మిదో మాట రాశాడు: బ్లంట్.

దానికి అర్థం ఎవరూ అడగలేదు.