బుల్లియ్య మోసిన పియానోలు

రంగూన్ రేవులో పియానో దిగిందంటే బుల్లియ్య మేస్త్రీకి కబురు వెళ్ళాల్సిందే. ఇరవై రెండేళ్ళుగా అతనూ, అతని జట్టులోని ఏడుగురూ దొరల మేడలెక్కించిన పియానోలకు అంతులేదు. వాటిలో ఒక్కటి కూడా మోగుతుండగా అతను వినలేదు. పెట్టె దింపి, తాళ్ళు విప్పి, సలాం కొట్టేసరికి తలుపులు మూసుకునేవి. "బరువు మనకి, పాట ఆళ్ళకి," అనేవాడు నవ్వుతూ. ఆ నవ్వులో కాస్త ఉక్రోషం కూడా ఉండేది, అబద్ధమెందుకు.

అలాంటివాడి కూతురికే పియానో పిచ్చి పట్టింది. దేవుడికి వేళాకోళం ఎక్కువ. భాగ్యవతి చదివే మిషన్ బడిలో సంగీతం చెప్పేది డో మ్యా అనే బర్మా ఆవిడ. పిల్ల వేళ్ళు చూసి ఎనిమిదో ఏటనే పాఠం మొదలుపెట్టింది. కానీ బడి పియానో వారానికి రెండు గంటలే దొరికేది. మిగతా రోజుల కోసం బుల్లియ్య మింగళ తౌంగ్‌న్యున్ పేటలోని తమ గదికి ఒక చెక్కబల్ల తెచ్చాడు. మీటల వెడల్పు దారంతో కొలుచుకొచ్చి గీతలు గీశాడు. నల్లమీటలకు పుల్లలు కొట్టాడు. మేస్త్రీ బుద్ధి కదా, అందరికీ సమానంగా పంచాలని ప్రతి రెండు తెల్లమీటల మధ్యా ఒక పుల్ల కొట్టేశాడు.

పిల్ల పడీ పడీ నవ్వింది. "అలగుండవయ్యా! రెండు, మళ్ళీ మూడు, అలగుంటాయి."

"ఇన్నేళ్ళు మోసినోడికి దాని మొకం ఎలాగుంటాదో తెల్దేటి?" అంది అతని భార్య మంగాయమ్మ, పొయ్యి దగ్గర నుంచే. బుల్లియ్య సిగ్గుపడి అదనపు పుల్లలు పీకేశాడు. ఆ మేకు కన్నాలు బల్లకు అలాగే ఉండిపోయాయి.

బల్లకు గొంతు లేదు. అందుకని భాగ్యవతి దాని మీద వేళ్ళు ఆడిస్తూ పాటను తనే నోటితో తీసేది. తొమ్మిదేళ్ళు అదే అలవాటు.

1927 జూన్‌లో ఆడపిల్లల కాలేజీ సంగీతం తరగతికి పరీక్ష ఉందని ఏప్రిల్‌లోనే కబురొచ్చింది. మిగిలింది ఒకటే సీటు. పద్దెనిమిది నిండితే తీసుకోరు, భాగ్యవతికి ఆగస్టులో నిండుతాయి. ఇదే మొదలు, ఇదే ఆఖరు. వాయించవలసింది ఒక్క పాటే, ఎవరికి నచ్చింది వారు ఎంచుకోవచ్చు. డో మ్యా రెండు పాటల కాగితాలు ఇచ్చి పంపింది. ఒకటి సొనాటా అనే పెద్ద పాటలో ఉరుకులు పెట్టే చివరి భాగం, రెండోది నెమ్మదిగా సాగే నాక్టర్న్ అనే రాత్రి పాట. భాగ్యవతి మొదటిదే పట్టుకు కూర్చుంది. వింటే అందరూ నోరెళ్ళబెట్టాలంది.

రెండూ బల్ల మీద వాయించి చూపమన్నాడు బుల్లియ్య. చుట్ట పక్కన పెట్టి విన్నాడు.

"ఆ ఉరుకుల దాన్లో నీ ఏళ్ళు ముందెల్లిపోతన్నాయి, నోరు ఎనకబడిపోతంది. నెమ్మదిదాన్లో రెండూ కలిసి నడుత్తన్నాయి తల్లీ. మాకు ఒకటే కట్టడి. బరువుతో మేడెక్కీటప్పుడు అడుగు కలిపీ పాట ఆగకూడదు. ఆగిందా, పెట్టి జారిపోద్ది."

"ఇది సంగీతం. నీకేటి తెలుసు?" అంది పిల్ల విసురుగా.

బుల్లియ్య మనసు చివుక్కుమంది. చుట్ట మళ్ళీ వెలిగించుకున్నాడు. మర్నాడు డో మ్యా కూడా నాక్టర్నే నయమంది. ఆ సాయంత్రం భాగ్యవతి ఎవరూ అడక్కుండానే తండ్రి తువ్వాలు ఉతికి ఆరేసింది. ఆ ఇంట్లో తప్పు ఒప్పుకోవడమంటే అంతే.

తర్వాత రెండు నెలలు అదే పాట. ఎడమచేతి వరుస ఒకటి వారం రోజులు లొంగలేదు. మంగాయమ్మ బియ్యం ఏరుతూ అదే తీసేది, బుల్లియ్య గెడ్డం గీసుకుంటూ అదే తీసేవాడు. చివరికి ఆ ఇంట్లో నాక్టర్న్ రానిది పిల్లికొక్కదానికే.

పరీక్ష రోజున కుండపోతగా వాన. బుల్లియ్య, డో మ్యా కాలేజీ వరండాలో కూర్చున్నారు. లోపలున్న పియానో ఆరేళ్ళ కిందట బుల్లియ్య జట్టు ఎక్కించినదే. తలుపు ఓరగా వేసి ఉంది. పియానో మోగింది, దాంతోపాటే కూతురి కూనిరాగమూ వినిపించింది. వెంటనే పరీక్ష పెట్టే దొరసాని ఇంగ్లీషులో ఏదో గద్దించింది.

"నోరు మూసుకుని వాయించమంటోంది," అని డో మ్యా బర్మా భాషలో గుసగుసలాడింది.

నోరు ఆగింది. వేళ్ళూ ఆగాయి. మళ్ళీ మొదలవుతుందేమోనని బుల్లియ్య చెవి రిక్కించాడు. వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. పాట ఆగిపోయింది, ఇక జారడమే.

మర్యాద, దొరసాని కోపం, ఏవీ అతనికి గుర్తు రాలేదు. లేచి తలుపు దగ్గరకు వెళ్ళి, రేవులో అరిచి అరిచి బొంగురుపోయిన గొంతుతో ఆ పాట మొదటి వరుస అందుకున్నాడు. డో మ్యా అతని చొక్కా పట్టుకుని లాగుతున్నా మానలేదు. రెండో వరుసకు లోపల పియానో వచ్చి కలిసింది. అప్పుడతను నోరు మూశాడు. పియానో ఆగలేదు. చివరిదాకా సాగింది.

దొరసాని తలుపు తీసి ఇతనెవరని అడిగింది. "మా నాన్న. పియానోలు మోస్తాడు," అంది భాగ్యవతి ఇంగ్లీషులో, తడబడకుండా. ఇంట్లో బల్ల సంగతీ చెప్పింది. దొరసాని కాసేపు ఆ ఇద్దరినీ చూసి, అతన్ని లోపల కూర్చోమని, పిల్లను మరోసారి వాయించమంది.

కుర్చీ చూపించినా బుల్లియ్య పియానో కోడుకి ఆనుకుని నేల మీదే చతికిలబడ్డాడు. ఈసారి కూతురి నోరు కదల్లేదు. పాటంతా పెట్టెలోంచే వచ్చింది, చెక్కలోంచి అతని వీపుకీ తగిలింది. కళ్ళు తుడుచుకోవాలని కూడా అతనికి తోచలేదు.

సీటు వచ్చిందని మూడోనాటి ఉత్తరంలో తెలిసింది. ఆ సాయంత్రం మాత్రం ఆ సంగతి తెలియకుండానే ఇద్దరూ ఒక గొడుగు కింద ఇంటికి నడిచారు.

"ఎలాగుందయ్యా?" అంది భాగ్యవతి.

బుల్లియ్య గొడుగు పిల్ల వైపు వంచాడు.

"కాళీ పెట్టికి ఇంత బరువేటని ఇన్నేళ్ళూ తిట్టుకునీవోణ్నే తల్లీ," అన్నాడు. "లోపట ఇదుందని మాకెవులూ సెప్పనేదు."