సగం గొంగడి

నాగప్ప ఎదురొస్తే చలి కూడా పక్కకు తప్పుకుంటుందని ఊళ్లో ఒక మాట ఉండేది. పుష్యమాసం తెల్లవారుజామున గొర్ల మందను తోలుకొని అతను బయలుదేరే తీరు అట్లాంటిది. ముందు మడమలకూ పెదాలకూ ఆముదం పూసుకునేవాడు. వెల్లుల్లి కారంతో దిట్టమైన జొన్నరొట్టె తినేవాడు. ఒంటి మీద గోచీ తప్ప నూలుపోగు ఉండేది కాదు. ఆపైన గొంగడి. దాని ఒక కొస నెత్తి మీద ముడిచి కొప్పెర పెట్టి, మిగిలిన ఉన్నినంతా రెండు పక్కల నుంచీ రొమ్ము మీదికి లాక్కొని, గడ్డం కింద తుమ్మముల్లు గుచ్చేవాడు. పొద్దుగూకేదాకా ఇక అదే అతని ఇల్లు. పొలంలో గొర్రె ఈనితే పిల్లను కూడా ఆ ఇంట్లోకే తీసుకునేవాడు.

"లోపల అంగీ తొడుక్కోరాదు? జనం నవ్వుతరు" అని పెళ్లాం జములమ్మ ఎన్నోసార్లు అన్నది.

"గొర్రె తొడుక్కుంటదా అంగీ? దానికి లేని సలి నాకెందుకే" అనేవాడు.

జములమ్మ అయిజ అవతల, గొర్లు కాసే కురువల ఇంట్లో పుట్టింది. అడుగులు పడ్డ కొన్నాళ్లకే చేతిలో కదురు పడింది. ఈడు రాకముందే నడిగడ్డలోని ఈ పల్లెకు కోడలై వచ్చింది. ఇద్దరు బిడ్డలు పుట్టి, ఇద్దరూ పోయారు. ఆ రెండు కాన్పుల నాళ్లు తప్ప కదురు ఆగలేదు. నాగప్ప కప్పుకున్న గొంగడి ఆమె వడికిన ఉన్నే. మగ్గం మీద రెండు పట్టెలుగా నేయించి, నడుమ దబ్బణంతో కుట్టి, చింతగింజల గంజి పట్టించినది. ఆ ఉన్నిలో ఏ పోగు ఏ గొర్రెదో ఆమె చెప్పగలదు. కానీ ఆ గొంగడి కప్పుకొని బయట ఒక్క పగలు గడిపింది లేదు. మంద వెనక నడిచేది మగవాడు, పొయ్యి ముందు వడికేది ఆడది. ఎవరు పెట్టారో తెలియదు గాని, ఆ కట్టు చెరిపినవాళ్లు ఊళ్లో లేరు.

యుద్ధం రోజుల్లో, గుడ్డను కూడా కొలిచి ఇచ్చే కంట్రోలు వచ్చిన ఏడు, మార్గశిరంలో, నాగప్ప జ్వరం వచ్చి చనిపోయాడు.

ఆ ఊరి కురువల్లో మగవాడు పోతే అతని గొంగడి అతనితోపాటే గోతిలోకి పోతుంది. దినాలు అయ్యాక చనిపోయినవాడి తమ్ముడు తన గొంగడి తీసి వదిన మీద కప్పుతాడు. దానికి మేళం లేదు, పంతులు లేడు. గొంగడి పడిందంటే ఆమె అతని మనిషి, ఆమె గొర్లు అతని గొర్లు. ఇది విని నవ్వుకునే పెద్దకులాలు ఉన్నాయి. తమ ఇళ్లలో మొగుడు పోయిన ఆడపిల్లలను ఏ చీకటి గదుల్లో కూర్చోబెట్టారో ఆ నవ్వే వాళ్లనే అడగాలి.

నాగప్ప తమ్ముడు బీరప్ప. అతను దుర్మార్గుడై ఉంటే ఈ కథ చెప్పడం సులువుగా ఉండేది. కాదు. జాతర నాడు తప్ప తాగడు, పెళ్లాం ఎంకమ్మ మీద చెయ్యి ఎత్తడు. కిందటి వానకాలం రోగం తగిలి అతని మంద సగం పోయింది. అన్న మంద కలిస్తే అతని ఇల్లు నిలబడుతుంది. అంతే. అతనికి కావలసింది ఆ మంద, జములమ్మకు కావలసింది కూడా అదే మంద. అది ఉంటే తన గడప తనది. లేకుంటే ఎంకమ్మ పొయ్యి పక్కన, ఎంకమ్మ పెట్టిన రొట్టె తింటూ, చచ్చేదాకా కదురు తిప్పడం.

శవం వాకిట్లో ఉండగానే ఆమె నోరు తెరిచింది. కులపెద్ద ఈరన్న అరుగు మీద కూర్చుని ఉన్నాడు.

"మావా, గొంగడి సగం నాకియ్యి."

"సచ్చినోనితోని పంపకాలు పెట్టుకుంటవా పిల్లా?"

"నడుమ కుట్టు ఇప్పితే రెండు పట్టెలైతది. ఒకటి ఆయన కప్పుకొని పోతడు, ఒకటి నేను కప్పుకొని పోత."

"నువ్వు యాడికి పోతవే?"

"మంద ఎనక. గొర్లు నిన్నటి సంది దొడ్లనే అరుస్తున్నయి."

గోడకు ఆనుకున్న ముసలాయన ఒకడు అన్నాడు: "ఆడిది కొప్పెర పెడితె, ఇగ మనం కదురు పట్టాల్నా ఏంది?" శవం ఉన్న వాకిట్లో కూడా నలుగురు నవ్వారు.

బీరప్ప నేల చూస్తూ, "ఇయ్యి మావా. వదినె నోరిడిచి అడుగుతున్నది గద" అన్నాడు. అది జాలో, సగం గొంగడితో ఎన్నాళ్లు తోలుతుందిలే అన్న లెక్కో, ఆమెకు తెలియలేదు. బహుశా అతనికీ తెలియదు.

ఈరన్న కాసేపు గడ్డం గోక్కున్నాడు. "సరే ఇను. నాగప్ప గొంగడి నీ మీద ఉన్నన్ని దినాలు నువ్వు నాగప్ప పెండ్లానివి, మంద నీది. శివరాత్రి దాకా తోలు. సలి దాటి నిలబడితివా, నీ మీద ఎవ్వడు గొంగడి కప్పేది లేదు. నడుమల ఆగలేక తీసేస్తివా, బీరప్ప కప్పుతడు. సమ్మతమా?"

"సమ్మతమే మావా."

శవం పక్కనే కూర్చుని, కత్తిమొనతో కుట్టు తానే విప్పింది.

మర్నాడు కోడి కూయకముందే పక్కింటి ముసలి లింగమ్మ వచ్చింది, చేతిలో పాత గోనెసంచితో. కంట్రోలు గుడ్డ పటేలు ఇంటి గడప దాటి వచ్చిన దాఖలా లేదు, కొత్త కోక కలలో మాట. జములమ్మ ఉన్న రెండు కోకలూ ఒకదాని మీద ఒకటి కట్టింది. నాగప్ప రుమాలు చెవుల మీదుగా చుట్టింది. గొంగడి పట్టెను వీపు మీద వేసుకొని నడుముకు తాడు బిగించింది. గోనెసంచి ఒక మూల లోపలికి దూర్చి నెత్తి మీద కొప్పెరలా పెట్టుకుంది.

లింగమ్మ దీపం ఎత్తి చూసింది. "ఏందే గిది, సంతకు తోలే పల్లికాయ మూట తీరున్నవ్."

"పల్లికాయ మూటకు సలి పెట్టదు గదవ్వా."

పెట్టింది. పొద్దున్న కోసిన చేలో మిగిలిన జొన్నకొయ్యల మీది మంచు మోకాళ్ల దాకా కోకలను తడిపింది. మధ్యాహ్నం ఎండ చురుక్కుమన్నప్పుడు ఆ రెండు కోకల లోపల చెమట పట్టింది. నూలుగుడ్డ నీళ్లు తాగితే వదలదు. పొద్దు వాలి గాలి లేవగానే ఆ చెమటంతా చల్లబడింది, ఆమె తడి గుడ్డల్లో చుట్టిన శవంలా ఇంటికొచ్చింది. నాగప్ప ఉత్త ఒంటి మీద ఉన్ని ఎందుకు వేసుకునేవాడో ఆ సాయంత్రం తెలిసింది. ఉన్ని తడిసినా వేడి వదలదు. నూలు కింద ఉంటే ఆ వేడి ఒంటికి అందనివ్వదు. తెలిసి మాత్రం ఏం లాభం? ఆడదాని ఒళ్లు చలి కంటే ముందు ఊరి కళ్లకు భయపడాలి. కోక విప్పి, గొంగడి కట్టుకొని నడవలేదు.

రెండో సంగతి ఇంకా ఆలస్యంగా తెలిసింది. సగం గొంగడి అంటే సగం వేడి కాదు. వెడల్పు చాలని పట్టె వీపుకు వేస్తే రొమ్ము బయట, రొమ్ముకు లాగితే వీపు బయట. ముందు రెండు కొసలూ ఒకదాని మీద ఒకటి పడితేనే గాలి ఆగుతుంది. అవి ఒకదాన్నొకటి ముట్టుకోనే లేదు. చిన్నప్పటి నుంచీ ఉన్ని వడికిన మనిషికి ఈ చిన్న సంగతి తట్టలేదు. గాలి ఎటు నుంచి వస్తే అటు పట్టె తిప్పుకుంటూ పగలంతా గడిపేది.

అయినా దినాలు గడిచాయి. పుష్యమాసంలో పూసలు గుచ్చినంత పొద్దే అంటారు, ఆ పూసలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంది. గొర్లు ఆమె గొంతు గుర్తుపట్టాయి. "ట్రీ ట్రీ" అంటే తలెత్తసాగాయి. కల్లు దగ్గర మగవాళ్లు ఆమెకు సగం నాగప్ప అని పేరు పెట్టారు. లింగమ్మ వచ్చి చెబితే, "పూరా నాగప్ప ఉన్నప్పుడు ఏం పీకిండ్రంట ఈళ్లు" అని నవ్వింది కూడా. మొగుడు పోయాక అదే మొదటి నవ్వు. పెదాలు పగిలి ఉన్నాయేమో, నవ్వితే నెత్తురొచ్చింది.

భోగి దాటింది. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందని సామెత. ఆమె దానికోసం కాచుకుని ఉంది.

ఆ కాలంలో రాకూడని ముసురు ఒకనాడు వచ్చింది. పొద్దున్నే ఆకాశం గొంగడి రంగుకు తిరిగి, వాన కాదు మంచు కాదు అన్నట్టు సన్నటి తుంపర, దానికి తోడు ఈదురుగాలి. దొడ్లోనే ఉంచుదామనుకుంది. ఆకలికి గొర్లు తడికె కుమ్ముతున్నాయి. వాగు దాకా తోలింది. అక్కడ ఒక గొర్రె మంద విడిచి తుమ్మచెట్టు కిందికి పోయి పడుకుంది. ఈనే గొర్రె. ఒకటి కాదు, రెండు పిల్లలు వేసింది.

తల్లి ఒకదాన్ని నాకుతుంటే రెండోది తుంపరలో వణుకుతోంది. జములమ్మ దాన్ని కోక చెంగుతో తుడిచింది. చెంగు అప్పటికే తడి. ఒడిలో పెట్టుకుంది. ఒళ్లూ తడే. నాగప్ప అయితే రెంటినీ గొంగడి మడతలో వేసుకొని, పైన తుమ్మముల్లు గుచ్చి, ఏదో పాట గొణుక్కుంటూ నడిచేవాడు. ఆ మడత ఇప్పుడు లేదు. ఉన్న పట్టె ఆమెకైనా చాలాలి, పిల్లలకైనా చాలాలి. ఒక్క పిల్ల చచ్చినా ఊళ్లో ఏమంటారో తెలుసు. అది కూడా పక్కన పెడితే, చేతిలో ఉన్నది ఇంకా కాళ్ల మీద నిలబడని గొర్రెపిల్ల. తుంపర ఆగేదాకా అనుకొని నడుము తాడు విప్పింది. రెండు పిల్లలనూ గొంగడిలో చుట్టి ఒడిలో పెట్టుకొని, గోనెసంచి కింద ముడుచుకు కూర్చుంది.

తుంపర ఆగలేదు. గోనె నాని బరువెక్కింది. మొదట పళ్లు టకటకలాడాయి. తర్వాత అవి ఆగిపోయాయి, నిద్ర వచ్చింది. అది మంచి గుర్తు కాదని తెలుసుకునేంత తెలివి కూడా మిగల్లేదు. గొర్లు తమంతట తామే గుంపుకట్టి చుట్టూ నిలబడ్డాయి.

వాగు అవతల మేపుతున్న బీరప్ప, ఆమె గొర్లు కదలకపోవడం చూసి దాటి వచ్చాడు. అతని వెనకే పటేలు జీతగాడు ఎల్లయ్య, తడవకుండా నిలబడే చోటు వెతుక్కుంటూ వచ్చాడు.

"వదినె, లే."

ఆమె కళ్లెత్తింది.

"గొంగడి ఏది?"

గడ్డంతో ఒడి చూపింది. బీరప్ప ఒడిలోకి చూశాడు, ఎల్లయ్య వైపు చూశాడు. అతని కొప్పెర మీంచి నీళ్లు కారుతున్నాయి. లోపల అతను పొడిగా ఉన్నాడు.

"కప్పాల్నా వదినె?" అని మెల్లగా అడిగాడు.

అతను అడగకుండా కప్పి ఉంటే ఎంత బాగుండేది. వద్దు అనే మాట ఆమె దగ్గర సిద్ధంగానే ఉంది. నాగప్ప పోయిన నాటి నుంచి దాన్ని పదును పెట్టుకునే ఉంది. నోరు కదిలింది, మాట రాలేదు. బీరప్ప ముల్లు తీసి, గొంగడి విప్పి, ఆమె భుజాల మీద వేశాడు. పూర్తి గొంగడి. ఇంకో మనిషి ఒంటి వేడి ఇంకా అందులో ఉంది. ఆమె చేతులు ఎవరినీ అడగలేదు. రెండు కొసలూ పట్టుకొని, ఒకదాని మీద ఒకటి పడేలా, రొమ్ము మీదికి లాక్కున్నాయి.

బీరప్ప ఉత్త ఒంటితో ఆ తుంపరలో మందలు రెంటినీ ఊళ్లోకి తోలాడు. ఎల్లయ్య గొర్రెపిల్లలను మోసుకొచ్చాడు. రెండూ బతికాయి.

సాయంత్రం ఎల్లయ్య ఊళ్లో చెప్పింది అబద్ధం కాదు. "బీరన్న ఊకె మీద ఏసిండు. ఆమెనే దగ్గరికి గుంజుకున్నది, నా కండ్లార చూసిన." అతను ఒక్క మాట ఎక్కువ కలిపి ఉంటే జములమ్మ దాన్ని పట్టుకొని కొట్లాడేది.

ముసురు వెలిశాక కులం కూర్చుంది. జములమ్మ లింగమ్మ భుజం పట్టుకొని వచ్చింది.

"సలికి గుంజుకున్న మావా. మనసుల ఏం లేదు."

"సలికే గద బిడ్డా అందరు కప్పుకునేది" అన్నాడు ఈరన్న. కోపంగా అనలేదు. "మనసుల ఏముందో కులానికి ఏం తెలుస్తది. గొంగడి పడ్డది, నువ్వు పట్టుకుంటివి."

"శివరాత్రి ఎంతో దూరం లేదు మావా. జర సూడు."

"సగం గొంగడి ఇచ్చినప్పుడే చూసిన."

బీరప్ప ఏమన్నా అంటాడేమోనని అతని వైపు చూసింది. అతనికి ఆ నాటి నుంచీ దగ్గు. కండువా నోటికి అడ్డం పెట్టుకొని దగ్గుతూ, తల ఎత్తలేదు.

ఎంకమ్మ గడపలో ఎదురొచ్చి కాళ్లకు నీళ్లిచ్చింది. "రా అక్కా. ఇంట్ల ఇంగొక కదురు ఉన్నది" అన్నది. ఎత్తిపొడుపో, మర్యాదో, రెండూనో.

రెండు మందలు కలిసినప్పుడు గొర్లన్నిటికీ ఒకే గుర్తు వేయాలి. ఎర్రటి జాజురాయి నూరి, ఆముదంలో కలిపి ఇచ్చేది ఇంటి ఆడవాళ్లు. ఎంకమ్మ రాయి చూపించింది, జములమ్మ నూరింది. బీరప్ప ఒక్కొక్క గొర్రెను మోకాళ్ల మధ్య పట్టి, మెడ మీద తన గుర్తు దిద్దాడు. గిన్నెలో రంగు అయిపోయినప్పుడల్లా ఆమే మళ్లీ పోసింది. తుమ్మచెట్టు కింద ఈనిన గొర్రె వంతు వచ్చినప్పుడు అది ఆమె గొంతు కోసం తలెత్తింది. ఆమె వంగి గిన్నెలో రంగు కలిపింది.

"రేపు మంద ఎనక నేను గూడ వస్త" అన్నది, చివరి గొర్రెకు గుర్తు పడ్డాక.

"ఎందుకులే" అన్నాడు బీరప్ప, దగ్గి, చేతులకు అంటిన రంగు గోడకు రాస్తూ. "బయట సలి. ఇంట్ల ఉండు."