అక్క ఊరు పక్క రాష్ట్రం

మహారాష్ట్రలో, భివండీలోని మా పద్మనగర్‌లో ఎవరైనా ఊరికి పోతున్నారని తెలిస్తే చాలు, నలుగురు సంచులు పట్టుకుని గడపలో నిలబడతారు. ఒకరి తల్లికి దుప్పటి, ఒకరి చెల్లెలికి టవల్లు, ఇంకొకరి మేనకోడలికి జాకెట్ గుడ్డలు. మనిషి ఎవరూ పోకపోయినా ఫికరు లేదు, రోజూ బయల్దేరే ట్రావెల్స్ బస్సు ఉండనే ఉంది. సంచి మీద ఊరి పేరు రాసి డిక్కీలో వేస్తే మర్నాడు జగిత్యాలలో మన మనిషి దించుకుంటాడు. నేను కుట్టే లంగాలు, అంటే చీర లోపల కట్టుకునేవి, అట్లాగే మా అక్క దగ్గరికి పోయేవి. అక్క వాటిని చుట్టుపక్కల ఊళ్ళ అంగళ్ళలో బండి మీద పెట్టి అమ్మేది.

ఆ ఏడు బతుకమ్మ పండుగ ముందర, కుట్టినవన్నీ రెండు పెద్ద సంచుల్లో కుక్కి ఆటోలో ట్రావెల్స్ ఆఫీసుకు పోయాను. అక్కడి క్లర్కు మా దిక్కువాడే. ఎప్పుడూ నవ్వుతూ సంచి అందుకునేవాడు. ఆ రోజు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"బిల్లు ఉన్నదా అక్కా?"

"ఏం బిల్లు?"

"జీఎస్టీ బిల్లు. అమ్మే సామాన్ బిల్లు లేకుంటె ఎక్కియ్య. మొన్న దారిల ఆఫీసర్లు బస్ ఆపి డిక్కీల ఉన్నదంత కిందికి దించిండ్రు. పాసింజర్లందరు నన్నే తిట్టిండ్రు."

"నేను మా అక్కకు పంపుతున్న. అక్కకు పంపేదానికి బిల్లేంది?"

"మీ అక్క ఒక్కతే కట్టుకుంటదా గివన్ని?"

నాకు నోరు పెద్దదని మా వాడలో పేరు. ఆ పేరు ఆ రోజు పనికి రాలేదు. సంచులు మళ్ళీ ఆటో ఎక్కాయి.

మా ఆయన బట్ట నేసే మరమగ్గాల కార్ఖానా అంతకుముందే మూతపడింది. మగ్గాలు తుక్కు కింద పోయాయి. ఆయన మాన్కోలి గోదాముల్లో లోడింగుకు పోతున్నాడు, పని దొరికిన రోజు దొరికినట్టు, దొరకని రోజు లేనట్టు. ఇల్లు నా మిషన్ మీద నడుస్తోంది, నా మిషన్ అక్క అంగడి మీద నడుస్తోంది. పండుగకు సరుకు అందకపోతే అక్క హైదరాబాదు వ్యాపారి దగ్గర తెచ్చుకోక తప్పదు. ఒకసారి అటు అలవాటు పడ్డాక నా దగ్గరికి మళ్ళీ ఎందుకొస్తుంది? ఎంత తోడబుట్టినదైనా పండుగపూట బండి ఖాళీగా నిలబెట్టుకోదు కదా. గోరుచుట్టు మీద రోకటి పోటు పడిందని ఆటోలో కూర్చుని నన్ను నేనే తిట్టుకున్నాను.

మా వాడలో టాక్సు పనులు చూసే ఒక అమ్మాయి ఉంది. తెలుగు పిల్లే, నన్ను చిన్నమ్మా అంటుంది. సంచుల సంగతి చెప్పి ఆమె ముందర కూర్చున్నాను.

"చిన్నమ్మా, నీది చిన్న యాపారం. గీ భివండీల, కల్యాణ్‌ల, మహారాష్ట్రల యాడ అమ్ముకున్నా నీకు జీఎస్టీ నంబర్ అక్కర్లేదు. గని రాష్ట్రం దాటిచ్చి ఒక్క లంగా అమ్మినా నంబర్ తీస్కోవాలె, అప్పుడే బిల్లు."

"ఒక్కదానికి గూడనా?"

"ఒక్కదానికి గూడ."

"కట్టుకొని పోతె?"

"కట్టుకొని పోతె ఫ్రీ" అని నవ్వింది.

నాకు నవ్వు రాలేదు, కోపం వచ్చింది. మా అక్క ఉండే ఊరు నాకు పక్క రాష్ట్రం ఎట్లా అవుతుంది? పెళ్ళయి నేను ఇక్కడికి వచ్చినప్పుడు మా ఊరు ఒక రాష్ట్రంలో ఉండేది, ఇప్పుడు ఇంకో రాష్ట్రంలో ఉంది, ఊరు మాత్రం జానెడు కూడా కదలలేదు. ఇక్కడేమో మమ్మల్ని బయటివాళ్ళంటారు. ఇప్పుడు ఈ లెక్కన మా ఊరికి కూడా నేను బయటిదాన్నే అయ్యాను. అదంతా ఆ పిల్ల మొహం మీదే అనేశాను.

ఆమె విసుక్కోలేదు. కాగితం మీద ఒక గీత గీసి నెమ్మదిగా చెప్పింది. గీతకు ఇటువైపే అమ్మకం జరిగితే పన్ను రెండు ముక్కలు, ఒకటి కేంద్రానికి, ఒకటి మహారాష్ట్రకు. గీత దాటితే పన్ను ఒక్కటే, దాన్ని కేంద్రం వసూలు చేసుకుంటుంది. ఆ తర్వాత అందులో రాష్ట్రం వాటా సరుకు ఎక్కడ వాడుకుంటారో ఆ రాష్ట్రానికి పోతుంది.

"అంటే నా లంగాల పన్నుల వాటా మా దిక్కు పోతదా?"

"పోతది."

"గా ముచ్చట ముందుగాల చెప్పొద్దా మరి?"

ఎందుకో కోపం సగం దిగిపోయింది. బతుకుదెరువుకని ఊరు విడిచి వచ్చినదాన్ని, ఊరికి నేనెన్నడూ ఏమీ ఇచ్చింది లేదు. నా చిల్లరతో అక్కడ ఏ మోరీ బాగుపడుతుందో తెలియదు కానీ, ఇయ్యగలుగుతున్నానని మాత్రం సంతోషం కలిగింది. అంత ఓపికగా చెప్పినందుకు ఆ పిల్లకు చేతులెత్తి మొక్కాలనిపించింది.

నంబరుకు సర్కారు ఫీజు ఏమీ తీసుకోదట. ఆధార్, పాన్ నా దగ్గర ఉన్నాయి. ఇంకొకటి మాత్రం కావాలి. కుట్టే గది ఎవరిదో వాళ్ళు తమ కరెంటు బిల్లు ఇచ్చి, ఈమె ఇక్కడ వ్యాపారం చేసుకుంటే మాకు అభ్యంతరం లేదని ఒక పత్రం మీద సంతకం పెట్టాలి. దేవుడు వరమిచ్చినా పూజారి వరమియ్యడంటారు చూడండి, అక్కడ వచ్చి ఆగింది నా పని.

నా పూజారి మా ఖాలా. ఉర్దూలో పిన్నిని అట్లా అంటారు, వాడంతా ఆ ముసలామెను అట్లాగే పిలుస్తుంది. మేముండే గది ఆమెదే, మా ఆయన నేసిన కార్ఖానా కూడా ఆమెదే. భర్త లేడు, పిల్లలు లేరు, మా గోడకు అవతలి గదిలో ఉంటుంది. మాట్లాడేది హిందీ, తిట్లు మాత్రం మా తెలుగులోనే తిడుతుంది. తెలుగు తిట్టులో కారం ఎక్కువని ఆమె నమ్మకం. వెనుక ఎవరినో నమ్మి, నాగావ్‌లో ఉన్న తన ఇంకో గది గురించి ఏదో పత్రం మీద సంతకం చేసిందట. ఆ పత్రం చూపించి వాడు గది నాదేనని కూర్చున్నాడు. కోర్టులో కేసు ఇంకా నడుస్తూనే ఉంది. అప్పటి నుంచి ఆమె ఎవరికీ ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. మాకు కిరాయి పత్రం కూడా లేదు, అంతా నోటి మాటే.

"గా పిల్ల ఎద్దు ఈనిందంటె నువ్వు కొట్టంల కట్టేయనీకె పోతున్నవా? ఖాలా సంతకం పెడ్తదా?" అన్నాడు మా ఆయన.

అయినా పోయాను. ఖాలా మొత్తం విన్నది. ఆమె హిందీని నా తెలుగులోనే చెబుతాను. "కాగితం సంగతి తప్ప ఏదైనా అడుగు బేటీ" అన్నది. ఆ తర్వాత కరెంటు మీటరు దుకాణం రేటుకు మారుతుందేమోనని, తన మేనల్లుడు గొడవ చేస్తాడని, ఏవేవో చెప్పింది. ఆమె భయంలో తప్పులేదని నాకు తెలుసు. తెలిసినంత మాత్రాన కడుపు మండడం ఆగదు కదా. ఇంటికొచ్చి మిషన్ మీద పాత చీర కప్పేశాను. పోలేని సరుకు కుట్టి ఏం లాభమని మర్నాడు కూడా దాని జోలికి పోలేదు.

మధ్యాహ్నం ఖాలా గోడ పట్టుకుని నడుచుకుంటూ మా గదిలోకి వచ్చింది.

"మిషన్ ఎందుకు ఆగింది? జ్వరమా?"

"జ్వరం కాదు ఖాలా. ఎవరి కోసం కుట్టాలె?"

ఆమె నా పక్కన చాప మీద చతికిలబడింది. మగ్గాల మధ్య బతికినవాళ్ళకు చప్పుడుంటేనే నిద్ర పడుతుంది, అది మా అందరికీ ఉన్న రోగమే. మగ్గాలు పోయాక నా మిషన్ చప్పుడు వింటూనే మధ్యాహ్నం రెప్ప వాలుస్తున్నానని, నిన్నటి నుంచి కంటి మీద కునుకు లేదని చెప్పింది. "నా కార్ఖానా నేను నిలబెట్టుకోలేకపోయిన. నీదన్నా నడవనీ. ఏదీ ఆ కాగితం?" అన్నది.

కాగితం మరాఠీలో ఉంది. నాకు మరాఠీ మాట్లాడడం వస్తుంది, చదవడం రాదు. ఆమెకు ఉర్దూ తప్ప ఇంకో అక్షరం రాదు. ఇద్దరం దాన్ని కాసేపు అటూ ఇటూ తిప్పి చూశాం.

"నీ మేనల్లునితోని చదివిచ్చుకో ఖాలా" అన్నాను.

"వాడు చదివితే సంతకం పెట్టనిస్తాడా? నువ్వు చెప్పు, ఏముంది ఇందులో?"

"గీ గదిల నేను కుట్టుకుంటనని. నీకు అభ్యంతరం లేదని."

"ఇంకేం లేదా?"

"ఇంకేం లేదు."

పెన్ను తీసుకుని కుడి నుంచి ఎడమకు తన పేరు రాసింది. చదవలేని కాగితం మీద ఒకసారి సంతకం పెట్టి గది పోగొట్టుకున్న మనిషి, మళ్ళీ చదవలేని కాగితం మీద, నా ఒక్క మాట మీద పెట్టింది. నా జన్మలో నన్ను అంతగా నమ్మినవాళ్ళు లేరు, కన్నవాళ్ళతో సహా. కాళ్ళు పట్టుకోబోతే నా చేతుల మీద ఒకటి కొట్టి, తెలుగులో ఇక్కడ రాయలేని మాట ఒకటి అన్నది.

నంబరు ఇచ్చే ముందు గది చూడడానికి ఒక ఆఫీసరు వచ్చాడు. మరాఠీ మనిషి, మర్యాదస్తుడు. మిషన్ చూశాడు, బట్ట చూశాడు, కుట్టి పెట్టిన లంగాలు చూశాడు. అప్పటికి సంతకం సంగతి మేనల్లుడికి తెలిసిపోయింది. పొద్దున్నే వచ్చి ఖాలా మీద అరిచాడు, పోకుండా వాకిట్లోనే నిలబడి ఉన్నాడు. ఆఫీసరు ఖాలా వైపు తిరిగి, ఈ సంతకం మీదేనా, ఇష్టపడే పెట్టారా అని అడిగాడు. కాదని ఒక్క మాట అంటే గది భయం ఆమెకు తీరిపోతుంది, నా పని అక్కడితో అయిపోతుంది.

"నాదే. ఇష్టపడే పెట్టిన" అన్నది మేనల్లుడి వైపు చూడకుండానే.

ఆఫీసరు కాగితాలు తిరగేస్తూ, "ఈమె బయటి రాష్ట్రం మనిషా?" అని మామూలుగానే అడిగాడు.

"బయటి రాష్ట్రానికి పోయేది లంగాలు సాబ్" అన్నది ఖాలా. "ఈమె ఈ ఇంటి మనిషి."

ఆఫీసరు నవ్వి, రుజువు కోసం గది ఫొటో తీయాలన్నాడు. నన్ను గడప దగ్గర నిలబడమన్నాడు. ఇల్లు నాది, నేను లేకుండా ఫొటో ఏమిటని ఖాలా కొంగు సర్దుకుని వచ్చి నా పక్కన నిలబడింది. నా భుజం మీద చెయ్యి కూడా వేసింది. ఆయన వద్దనలేదు.

నంబరు వచ్చింది, పండుగకు ముందే అక్క బండి నిండింది. ఇన్నేళ్ళు గోడకు ఇటూ అటూ ఉన్నా, ఖాలాతో నేను కలిసి దిగిన ఫొటో అదొక్కటే. అది సర్కారు దగ్గర ఉంది, నా దగ్గర లేదు.