పై అంతస్తు పెళ్లికి చదివించాను

కోటబొమ్మాళిలో నా స్నేహితుడి కూతురి పెళ్లికి వెళ్లాను. ఆ మండపంలో కింద ఒక పెళ్లి, పైన ఇంకో పెళ్లి. మెట్ల దగ్గర బల్ల మీద క్యూఆర్ కోడ్ కనబడితే స్కాన్ చేసి ఐదువేలు చదివించేశాను. అది పై అంతస్తు వాళ్లదట.

చదివింపులు మైకులో చెబుతున్నారు. నా పేరు రాలేదు. స్నేహితుణ్ణి అడిగితే, "నాకైతే పడనేదు బావా, బేంకోళ్లనడుగు" అన్నాడు. బ్యాంకులో, "పిన్ కొట్టింది మీరే కదా" అన్నారు. మండపం వాళ్లు ఆ బల్ల తమది కాదన్నారు. అందరూ చేతులు దులిపేసుకున్నారు, నేనొక్కణ్ణే కాలుకాలిన పిల్లిలా తిరిగాను. సిగ్గేసి స్నేహితుడికి మరో ఐదువేలు పంపాను.

చివరికి నంబరు సంపాదించి పై అంతస్తు పెళ్లికూతురి తండ్రికి ఫోన్ చేశాను.

"సదివింపు ఎనక్కిస్తే పిల్లకి మంచిది కాదు బాబూ. ఫోన్లో మీ పేరు సూసి మైకులో సెప్పించీసినాం. మీ ఇంట్లో పెళ్లికి నానే వచ్చి సదివిస్తాను" అన్నాడు.

"మా ఇంట్లో పెళ్లి కావలసింది నాకే. యాభై రెండేళ్లు నాకు" అన్నాను పళ్లు కొరుకుతూ.

"అయితే ఏటయ్యింది? సంబంధాలు సూస్తాను" అన్నాడు.

అప్పట్నుంచి వారం వారం ఫోన్ చేస్తున్నాడు. "ఏటి బాబూ, ఒంట్లో బాగున్నాదా? ఏదైనా కుదిరిందేటి?" అంటాడు. విసుక్కుంటూనే ఎత్తుతాను. సరిగ్గా చేరిన ఐదువేల వైపు నుంచి మాత్రం ఇంతవరకు ఒక్క ఫోనూ రాలేదు.